నేను రాసిన ఆ 'కాబట్టి'

యాకమ్మ నిజం చెప్పింది. సభలో ఆమె మాటను పడగొట్టింది నేను. పడగొట్టి ఊరుకోలేదు, సభ పుస్తకంలో ఆ రోజు తీర్పు వాక్యం కూడా నా చేత్తోనే రాశాను. తప్పు ఆ వాక్యంలో ఉంది. ఇంకా చెప్పాలంటే అందులోని ఒక్క మాటలో ఉంది.

సభలో కూర్చునే ఏడుగురూ చదవాలని నా షిఫ్ట్ పుస్తకంలోని పేజీలు చించి వరుసగా ఈ సభ గది తలుపు మీద అతికిస్తున్నాను. ఒక్క అక్షరం దిద్దలేదు. నేను వెకిలిగా నవ్విన చోట్లు కూడా అలాగే ఉన్నాయి. దిద్దుకునే హక్కు నాకు లేదు.

సంపూర్ణ, జల్లెడ గది, ఆరో గని.

ఎండ 203, మొదటి షిఫ్ట్

ఎండకు పై తలుపు మూసి ఇవ్వాళ్టికి 203 రోజులు. మూడో లైనులో రెండు జల్లెడలు మార్చాను. పాతవి జిగట పట్టి నల్లగా ఉన్నాయి. పాత సొరంగాల్లో నిలిచిన నీళ్ళే మనకు ముడినీరు, అది ఈ మధ్య మరీ మురికిగా వస్తోంది. మార్చాక నీళ్ళ శుభ్రం చూసే మీటరు పచ్చగా వెలిగింది.

షిఫ్ట్ చివర యాకమ్మ వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. గనిలోకి మీటర్లు రాకముందు నీళ్ళు తాగి చూసి చెప్పడానికి ఆమెను పెట్టారు. మీటర్లు వచ్చాక కూడా ఆ పని తీసేయలేదు. రుచి మనిషి అంటారు. షిఫ్టుకొకసారి నాలుగు నల్లాల దగ్గర నీళ్ళు నోట్లో పోసుకుని, నల్లా నంబరు చెప్పి "మంచిది" అంటుంది. గుమాస్తా నర్సింగం రాసుకుంటాడు.

ఇవ్వాళ మూడో నల్లా దగ్గర ఉమ్మేసి మళ్ళీ పట్టింది. మళ్ళీ ఉమ్మింది.

"మూడో నల్లా, తేడా."

నీళ్ళ సూపర్‌వైజర్ మొగిలి సారు పక్కనే ఉన్నాడు. "మీటరు పచ్చగున్నది గదా యాకమ్మా."

"మీటరుకు నాలికున్నదా?"

"లేకపోవుడే మంచిదైంది. ఉంటే అది గూడ నీ లెక్కనే రోజంత మాట్లాడుతుండె."

అందరం నవ్వాం. నేను అందరికంటే గట్టిగా నవ్వాను. రుచి మనిషి తేడా అంటే సభ పెట్టాలి, అది రూలు. సభ అంటే పని ఆగుతుంది. ఎండ 216 నాడు మూడో లైనును కింది వీధికి కలపాలి. అక్కడ నాలుగు వందల ఇళ్ళు, ఇంటికి రోజుకు రెండు బిందెలు. మా అక్క భూలక్ష్మి మూడు నెలల పిల్లతో అక్కడే ఉంటుంది. ఆ రెండు బిందెల్లో వంట చెయ్యాలా, పిల్ల గుడ్డలు ఉతకాలా? ఈ ముసలామెకు అదేం పట్టదు.

ఎండ 205, రెండో షిఫ్ట్

మొగిలి సారు జల్లెడ గదికి వచ్చాడు. "సంపూర్ణా, రేపు సభల యాకమ్మకు ఎదురు నువ్వు నిలబడు. నేను నిలబడితే సూపర్‌వైజరు ముసలిదాని మీద పడ్డడంటరు. నీకు ముడులన్నీ నోటికొచ్చు. అందరు నిన్ను ముడుల సంపూర్ణ అనే అంటరు."

నోటికొచ్చు. ఇరవై నాలుగూ వచ్చు. నేను బడికి పోలేదు. జల్లెడల అట్టపెట్టెల మీద అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. సభ గది గోడ మీద ముడుల పట్టిక ఉంది. వాదంలో మనుషులు వేసే ఇరవై నాలుగు తప్పుడు ముడులు, ఒక్కోదానికి ఒక ఉదాహరణ. మూడేళ్ళు నా అన్నం గంట ఆ గోడ కిందే గడిచింది.

అంతకుముందు ఎవడైనా నా నోరు మూయించేవాడు. నీకేం తెలుసే, జల్లెడలు కడిగే పిల్లవి అంటే చాలు. ఒకరోజు బిందెల లైనులో ఒకడు అదే అన్నాడు. "మనిషి మీద పడ్డావు. నేను చెప్పినదానికి జవాబు చెప్పలేదు. ముడి" అన్నాను. లైనంతా నోరు మూసుకుంది. అలా నోళ్ళు మూయించడం నాకు అలవాటైపోయింది.

సభలోని ముడిపెట్టెను నేను తిట్టను, దానికి కారణం ఉంది. నా చిన్నప్పుడు పంపు ఆగిపోయింది. ఆ పొద్దున ఒకింటి వాళ్ళు పంపు గదిలోకి పోయారు కాబట్టి వాళ్ళే చెడగొట్టారని ఎవరో ముడిపెట్టారు. ఆ ఇంటి నలుగురినీ పై తలుపు తెరిచి ఎండలోకి తోశారు. పంపులో రబ్బరు తెగిందని సాయంత్రానికి తెలిసింది. అప్పుడు పెట్టారు ఈ పెట్టెను. మాట్లాడే మనిషి సంబంధం లేనివాటికి ముడిపెడితే గంట మోగుతుంది. గంట మూడుసార్లు మోగితే మాట పడిపోతుంది. ఏడాదిలో మూడు మాటలు పడితే ఆ మనిషికి మాట పోతుంది. ఏడాదిపాటు వాళ్ళు ఏం చెప్పినా ఏ పుస్తకంలోనూ రాయరు.

యాకమ్మవి ఈ ఏడాది ఇప్పటికే రెండు పడ్డాయి.

నిలబడతానన్నాను.

ఎండ 206, సభ

నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు.

యాకమ్మ లేచింది. కొంగు సర్దుకుని, మనుషుల వైపు కాకుండా పెట్టె వైపు చూస్తూ మొదలుపెట్టింది. "నలభై ఏండ్ల సంది గీ నీళ్ళు తాగుతున్న. నాకు తెల్వదా?"

"ముడి" అన్నాను. "ఎన్నేళ్ళు తాగావన్నది రుజువు కాదు. పెద్దరికం ముడి."

గంట.

"సరే తీ. ఎల్లయ్యను మర్సిండ్రా? అప్పుడు గూడ మూడో నల్లా గిట్లనే అయింది. నెల తిరగకముందే ఆయన చెయ్యి వాలిపోయింది. గ్లాసు పట్టుకోరాకుంట అయింది."

"ముడి. ఒకటి జరిగాక ఇంకోటి జరిగితే మొదటిదే కారణం అయిపోదు. ఎల్లయ్య ఆ నెలలో అంబలి కూడా తాగాడు. అంబలికే చెయ్యి వాలిందా?"

సభ నవ్వింది. గంట.

యాకమ్మ మొహం ఎర్రబడింది. మొగిలి సారు వైపు తిరిగింది. "నువ్వు పై ట్యాంకు నీళ్ళు తాగేటోనివి. కింది వీధోళ్ళు ఏమైతే నీకేంది?"

నేను నోరు కూడా తెరవలేదు. వేలెత్తాను. మనిషి మీద పడింది. గంట.

మాట పడింది. పెట్టె దీపం ఆర్పేశారు. గెలిచినవాళ్ళే తీర్పు వాక్యం రాయాలి కదా, మధ్య కుర్చీలో పెద్దాయన పుస్తకం నా వైపు జరిపాడు. సభ పుస్తకంలో రాయడం నాకు అదే మొదటిసారి. అక్షరాలు గుండ్రంగా రావాలని నెమ్మదిగా రాశాను:

యాకమ్మ మాట పడిపోయింది, కాబట్టి మూడో లైను నీళ్ళు మంచివి.

ఏడుగురూ సంతకాలు పెట్టారు. "మంచిగ రాసినవ్ పిల్లా" అన్నాడు పెద్దాయన.

ఎండ 207, మొదటి షిఫ్ట్

నర్సింగం తడిగుడ్డతో రుచి మనిషి పలక మీద యాకమ్మ పేరు తుడిచేశాడు. మొగిలి సారు అందరికీ టీ పోయించాడు. నాకు రెండోసారి కూడా పోయించాడు.

షిఫ్ట్ చివర యాకమ్మ వచ్చింది. రానక్కరలేదు. అయినా వచ్చింది. ఎప్పటిలాగే నాలుగు నల్లాలూ చూసి, ఎప్పటిలాగే పైకి చెప్పింది. "మూడో నల్లా, తేడా." నర్సింగం కలం కింద పెట్టి గోడ వైపు చూశాడు.

మొండిది.

ఎండ 210, మొదటి షిఫ్ట్

మళ్ళీ వచ్చింది. మూడు రోజులుగా వస్తూనే ఉంది. ఎవరూ కదిలించరు. ఎవరూ కసురుకోరు కూడా. మాట పోయిన మనిషిని కసిరితే ఆమె మాట్లాడిందని ఒప్పుకున్నట్టే.

"ఒకటో నల్లా, మంచిది. రెండో నల్లా, మంచిది. మూడో నల్లా, తేడా. నిన్నటికంటె ఇంకింత తీపి."

నేను జల్లెడ తోముతున్నాను. బ్రష్ ఆగింది.

తీపి అన్న మాట సభలో రాలేదు. నా ముందు పేజీలు తిరగేశాను. లేదు. తేడా అంది, తేడా అంటే ఏంటని నేను అడగలేదు. మొగిలి సారు అడగలేదు. ఏడుగురిలో ఒక్కరూ అడగలేదు. నాలుగు నిమిషాల్లో ఆమె మాట్లాడింది పట్టుమని పది ముక్కలు కూడా లేదు. అందులో మూడు ముడులు ఏరి పట్టుకుని ఇంటికి వచ్చేశాను.

రుచి మనిషిని రుచి అడగలేదు.

ఎండ 211, అన్నం గంట

యాకమ్మ గదికి వెళ్ళాను. తలుపు తీసే ఉంది. కూర్చోమనలేదు. నేను గడప దగ్గరే నిలబడ్డాను.

"అవ్వా, మూడో నల్లా ఏం రుచి?"

"నువ్వెందుకు అడుగుతున్నవ్? నేను చెప్తే రాసుకునే పుస్తకమే లేదు."

"నా పుస్తకంలో రాసుకుంటా."

"నీ పుస్తకం ఎవరు సదువుతరు?"

నిలబడే ఉన్నాను. చివరకు ఆమెకే జాలేసిందో ఏమో, చెప్పింది.

"పాత తాళంచెవి నోట్ల పెట్టుకున్నట్టుంటది. పెట్టుకున్నంక జర సేపటికి నాలిక వెనక తియ్యగ. ఎల్లయ్య అప్పుడు గదే రుచి. ఈ సారోళ్ళ అయ్యలు అప్పుడు మూడో లైనుకు ఒక మెత్తటి పైపు ఏసిండ్రు. గోరుతోని గీకితె గీత పడేది. ఎల్లయ్య పోయినంక దాన్ని ఊడదీసి పాత సామాన్లల్ల పారేసిండ్రు. గది మళ్ళ తెచ్చి ఏసిండ్రేమో అని నా అనుమానం. గంతే."

"ఇది సభలో చెప్పొచ్చు కదా అవ్వా."

"చెప్దామనే లేసిన. సదువు లేనిదాన్ని, నాకు ముందు నుంచి ఎనుకకు చెప్పుడు రాదు. ఎనుక నుంచి ముందుకు వస్త. నువ్వు రానిస్తివా?"

నేను ఏదో అన్నాను. పెట్టె రూలు, ముడి పడితే పడినట్టే, అట్లాంటిదేదో.

"బిడ్డా, నీ పనేంది?"

"జల్లెడ పని."

"ముడినీళ్ళు వస్తయి. మురికిగుంటయి. ఏం జేస్తవ్? పారబోస్తవా?"

"వడగడతా."

"మరి నా మాట ఎందుకు పారబోసినవ్?"

ముడి అంటే చిక్కు పడ్డదనే ఇన్నాళ్ళూ చదివాను. వడగట్టనిది అనే అర్థం కూడా ఉందని, ఆ మాటతోనే రోజూ ఎనిమిది గంటలు పని చేస్తూ, నాకు తట్టలేదు. బురద ఉందని నేను ఒక్కనాడూ నీళ్ళు పారబోయలేదు. పారబోస్తే ఈ గనిలో తాగడానికి చుక్క ఉండదు.

వచ్చేటప్పుడు యాకమ్మ అంది: "నీ మీద కోపం లేదు పో. ఉన్నా గది రాసేటోడు లేడు."

ఎండ 212, రెండో షిఫ్ట్

మూడో లైను జల్లెడల వెనక రేకు ఊడదీశాను. అటు వెళ్ళే పని నాకెప్పుడూ పడలేదు. జల్లెడ దాటిన నీళ్ళు అక్కడ ఒక బారెడు పైపులోంచి నల్లాకు వెళ్తాయి. మిగతా పైపంతా కొత్తది. ఆ బారెడు మాత్రం బూడిద రంగులో ఉంది. గోరుతో గీకాను. గీత పడింది. కింద మెరిసింది.

ఈ పేజీ అంచున అడ్డంగా ఉన్న గీత పెన్సిలుది కాదు. ఆ పైపు గీకిన ముక్కతో గీశాను. సీసం కాగితం మీద అలాగే రాస్తుంది.

మీటరు ఎక్కడుందో చూశాను. ఆ పైపుకు ముందు ఉంది. అది చూసేది జల్లెడ నుంచి అప్పుడే వచ్చిన నీళ్ళను. పచ్చగా వెలగక ఏం చేస్తుంది? జల్లెడ దాటిన నీళ్ళు ఆకలి మీద ఉంటాయని మా గదిలో చేరిన మొదటి రోజే చెబుతారు. లోపల ఏమీ మిగలదు కాబట్టి తగిలినదాన్ని తింటాయి. ఇప్పుడు సీసాన్ని తింటున్నాయి. ఒక్కో రోజు ఒక్కోలా తింటాయి, అందుకే నిన్నటికంటే ఇంకింత తీపి.

ఎల్లయ్యకు చెయ్యి ఎందుకు వాలిందో యాకమ్మకు వాదించడం రాలేదు. ఆమె పెట్టిన ముడి మాత్రం సరైన చోటే ఉంది. ఆ రోజు నేను అంబలి అని నవ్వించాను. ఎల్లయ్య భార్య రెండో వరసలో కూర్చుని ఉంది. ఆమె నవ్వలేదు. అది నేను అప్పుడే చూశాను. చూసి రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

ఎండ 213, మొదటి షిఫ్ట్

స్టోర్ గదిలో మొగిలి సారుకు గీకిన ముక్క చూపించాను. ఆయన ఆశ్చర్యపోలేదు. తలుపు దగ్గరికి వేశాడు.

"కొత్త పైపు లేదు సంపూర్ణా. పై తలుపు తెరిచేదాక రాదు. కింది వీధోళ్ళు రెండు బిందెలతోని సస్తున్నరు. బారెడు పైపుకు ఏమైతది?"

"ఎల్లయ్యకు ఏమైందో అదే అవుతుంది."

"ఎల్లయ్య సంగతి ముడి అని నువ్వే అన్నవ్. నీ చేతి రాత ఉన్నది పుస్తకంల. వారానికే మాట మారుస్తున్నవ్. మాట మార్చే మనిషిని ఎవరు నమ్మాలె?"

"ముడి" అన్నాను. "నేను ముందు ఏమన్నానన్నది కాదు, పైపు ఏంటన్నది..."

"ఇది స్టోర్ గది. ఈడ గంట లేదు." ఆయన గొంతులో వెటకారం లేదు. అలిసిపోయినట్టు ఉంది. "నీ అక్క పిల్ల కింది వీధిల ఉన్నదని భయపడుతున్నవ్. సభకు పోతే ఏమంటరు? జాలి ముడి అంటరు. మొదటి గంట నీకే మోగుతది."

నిజమే, మోగుతుంది. నేను ఆ పిల్లను తల్చుకోకుండా రెండు వాక్యాలు మాట్లాడలేను. వాళ్ళ వీధిలో అట్లాంటి పిల్లలు ఎంతమంది ఉన్నారో నాకు తెలియదు. భయపడుతున్న మనిషి చెప్పేది వంకరటింకరగానే వస్తుంది. యాకమ్మకు అలాగే వచ్చింది.

సభకు కూడా నర్సింగమే గుమాస్తా, అతని దగ్గరికి వెళ్ళాను. గెలిచినవాళ్ళు మళ్ళీ సభ అడగకూడదట. ఓడినవాళ్ళే అడగాలి. ఓడిన మనిషికి మాట లేదు.

"మరి ఎవరు అడగాలి?" అన్నాను.

నర్సింగం కలం మూత పెట్టాడు. "నువ్వు గంత మంచిగ గెల్వకపోయి ఉంటే బాగుండు పిల్లా."

ఎండ 214, మొదటి షిఫ్ట్

ఏడుగురికీ. పేజీలు అయిపోయాయి. ఇక నేరుగా మీకే.

ఆ రోజు యాకమ్మ మూడు ముడులు వేసింది. అవి ముడులే, ఇప్పుడు కూడా కాదనను. నాలుగోది నేను వేశాను. చెప్పిన తీరు తప్పయింది కాబట్టి చెప్పిన విషయం అబద్ధం అని రాశాను. మాట పడింది అన్నంతవరకు రాసి ఆగి ఉంటే నీళ్ళ సంగతి తేలలేదని అందరికీ అర్థమయ్యేది. నేను ఆగలేదు. పెట్టె దీపం ఆర్పాక రాశాను, అందుకే గంట మోగలేదు. దీపం వెలిగి ఉన్నా మోగేది కాదు. పట్టికలో ఆ ముడి లేదు. గోడ ముందు మళ్ళీ కూర్చుని ఇరవై నాలుగూ చదివాను. లేదు.

మీరూ సంతకాలు పెట్టారు. ఆ సిగ్గులో మీ వాటా మీరు చూసుకోండి. నా వాటా నేను మోస్తాను.

నాకు కావలసినవి రాస్తున్నాను. సభ పుస్తకం తెరిచి ఎండ 206 వాక్యంలో 'కాబట్టి' నుంచి చివరిదాకా నా చేతనే, అందరి ముందు కొట్టివేయించండి. యాకమ్మకు మాట తిరిగి ఇవ్వండి. తుడిచిన పలక మీద ఆమె పేరు మళ్ళీ రాయించండి. మూడో లైను వెనక రేకు ఊడదీసి ఏడుగురూ మీ గోళ్ళతో ఆ పైపును గీకండి. ఆ బారెడు మార్చేదాకా లైను కలపకండి. నీళ్ళు లేక కింది వీధి ఎండిపోతోందన్న మొగిలి సారు మాట కూడా నిజమే. అందుకని పైపు వచ్చేదాకా పై ట్యాంకు నీళ్ళు వాళ్ళతో పంచుకోండి, మీ ఇళ్ళతో మొదలుపెట్టి.

పట్టికలో ఇరవై ఐదో ముడి రాయించండి. దానికి సంపూర్ణ ముడి అని పేరు పెట్టండి. పట్టిక చదివే ప్రతి పిల్లా నా పేరు చదివి, ఎందుకు పెట్టారని అడగాలి.

రేపటి తర్వాత రోజు, ఎండ 216, మొదటి షిఫ్ట్ సైరన్ లోపల ఈ తలుపు మీదే, ఈ కాగితం పక్కనే జవాబు అతికించండి. రెండో షిఫ్టుకు లైను కలుపుతారు. జవాబు లేకపోతే మూడో లైను వాల్వు చక్రం ఊడదీసి నా ఒళ్ళో పెట్టుకుని జల్లెడ గది ముందు కూర్చుంటాను. బెదిరింపు ముడి అని గంట కొట్టుకోండి. జాలి ముడికి ఒకటి, మీ మీద పడ్డందుకు ఇంకొకటి, మూడూ కలిపి నా మాట పడగొట్టండి, ఒప్పుకుంటాను.

కానీ పడగొట్టాక, కాబట్టి అని రాసే ముందు, పక్కనే యాకమ్మ నిలబడి ఉంటుంది. మూడో నల్లా ఏం రుచి అని ఆమెను అడగండి.